సున్నం బొట్టు లోటా

మదనపల్లెలో వదినగారి ఇల్లుండగా హోటల్లో దిగడం పాపమని ఏ గ్రంథంలోనూ రాసి లేదు. రాయవలసిన అవసరం ఎవరికీ కనపడలేదు గనుక. దొంగతనం చేయరాదని రాతిపలకల మీద చెక్కించిన దేవుడు కూడా, ఒక మనిషి ట్రంకుపెట్టెతో ఊళ్లోకి వచ్చి, సొంతవాళ్ల గుమ్మం దాటిపోయి, అణాలు పోసి మంచం అద్దెకు తీసుకుంటాడని ఊహించి ఉండడు. కుప్పం మొదలు మదనపల్లె దాకా మిషన్ సంఘస్తుల్లో ఎవరికైనా, ఏ ఊళ్లో ఎవరింట్లో తమకోసం చాప చుట్టిపెట్టి ఉంటుందో తెలుసు. ఆ చాప మీద పడుకోవడం హక్కు. పడుకోకపోవడం అవమానం.

ఆ అవమానం జరిగింది పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం సెలవుల్లో. చేసినవారు కుప్పం మిషన్ బడిలో అయిదో తరగతికి లెక్కలు, అన్ని తరగతులకూ పాటలు చెప్పే జీవానందం అయ్యవారు.

ఆయన పొడుగ్గా, సన్నగా, నలభై ఎనిమిదేళ్ల వయసుకు తగినంత వంగి ఉండేవారు. ఆదివారం గుళ్లో హార్మోనియం వాయించేవారు. ఎప్పుడైనా శ్రుతి తప్పితే ఆరాధన అయ్యాక లేచి నిలబడి, ఫలానా పాట ఫలానా చోట తప్పింది, దానికి సంఘం బాధ్యత లేదు, నాదే, అని చెప్పి కూర్చునేవారు. అంత నిజాయితీ సంఘానికి అవసరం లేకపోయినా ఓర్చుకునేది. ఊరు విడిచిపోతూ ఒక పాదిరీ దొర ఇచ్చిన కోటు ఆయనకుండేది. దొర చేతులు పొడుగు. అందువల్ల కోటు వేసుకున్నప్పుడు అయ్యవారికి వేళ్లు మాత్రమే కనిపించేవి.

భార్య శాంతమ్మ పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. అప్పటినుంచి ప్రతి ఎండాకాలమూ ఆయన మదనపల్లెలో శాంతమ్మ అక్క గ్లోరమ్మ ఇంట్లో గడిపేవారు. గ్లోరమ్మ మంచి మనిషి. ఆమె మంచితనం నుంచి తప్పించుకున్నవాళ్లు ఆ వీధిలో లేరు. చెల్లెలి పటాన్ని నడవలో తగిలించి, కాగితం పూలదండ వేసి, సరిగ్గా దాని కిందే మరిదికి మంచం వేసేది. ఇంటికి ఎవరొచ్చినా మంచం చూపించి, "మా శాంత పోయినాక ఇంకో ఆడమనిషి పక్క కన్నెత్తి సూడలేదప్పా మా జీవానందం. మగోడంటే అట్ల ఉండాల" అనేది. వచ్చినవాళ్లు తమ మగవాళ్ల వైపు చూసేవాళ్లు. ఆ విధంగా అయ్యవారు తన ప్రమేయం లేకుండానే సంఘానికి ఒక ఉదాహరణ అయిపోయారు. ఉదాహరణగా బతకడం ఎంత కష్టమో ఉదాహరణలకే తెలుస్తుంది.

పటం కింద పడుకొని రెండో పెళ్లి గురించి ఆలోచించడం సాధ్యమే. పొద్దున లేచి ఆ మాట పైకి చెప్పడం సాధ్యం కాదు.

ఆలోచన మొదలైంది అంతకుముందు ఏడు పుంగనూరులో. అక్కడ ఏటేటా పందిరి వేసి ప్రార్థన కూటాలు జరిపేవారు. అయ్యవారు హార్మోనియం దగ్గర కూర్చొని పాటలు నడిపించారు. ఒక పాటలో మూడో చరణానికి వచ్చేసరికి, ప్రసంగం చేయవలసిన పెద్దమనిషి గడియారం తీసి చూసుకున్నాడు. అయ్యవారు మర్యాదస్తులు గనుక చరణం వదిలేసి నాలుగోదానికి దూకారు. వందల మంది వెంట దూకారు. భోజనాల దగ్గర ఒకావిడ విస్తరి పట్టుకొని ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూడో చరణం యాల మింగేసినారు అయ్యవారూ? ఆదరణంతా దాంట్లోనే కదా ఉండేది" అంది.

ఆమె ఎలిజబెత్తమ్మ. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు. చిన్నతనంలోనే విధవరాలై, ఇప్పుడు నలభై దాటి, ఒక్కతే ఉంటోంది. పాతికేళ్లుగా అయ్యవారు పాటలు పాడిస్తున్నారు. ఏం పాడించారో పట్టించుకున్న మనిషి అదే మొదలు. ఆయనకు అన్నం సహించలేదు. మజ్జిగ దాకా తిని లేచారు.

ఒక ఏడాది ఆలోచించి, ఎలిజబెత్తమ్మను నేరుగా అడిగేయాలని నిశ్చయించుకున్నారు. ఆమె జవాబు చెప్పేలోగా సంగతి గ్లోరమ్మ చెవిన పడకూడదు. పడితే ముందు కన్నీళ్లు, తర్వాత పటం, ఆ తర్వాత పెద్దల ప్రార్థన. మూడూ అయ్యేసరికి అయ్యవారు మళ్లీ ఉదాహరణగా మిగిలిపోతారు. కాబట్టి వదినగారింట్లో దిగకూడదు. ఊళ్లో తెలిసినవాళ్లెవరింట్లో దిగినా వదినగారింట్లో దిగినట్లే. మిగిలింది హోటలు.

అప్పట్లో పెట్రోలు సైన్యానికి పోతుండేది గనుక బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల పీపా అంత పొయ్యి, దానికొక చక్రం, చక్రం తిప్పడానికొక మనిషి. మిట్ట వస్తే జనం దిగి తోసేవాళ్లు. పల్లం వస్తే దేవుణ్ణి తలుచుకునేవాళ్లు. కుప్పంలో తెల్లబట్టలతో ఎక్కినవాడు పుంగనూరు దాటేసరికి ఏ కులంవాడో చెప్పలేనంత నల్లగా అయ్యేవాడు. అయ్యవారికి దొరికింది పొయ్యి పక్క సీటు. మదనపల్లెలో దిగేటప్పటికి గొంతులో మసి, కళ్లలో నీళ్లు. వదినగారి వీధివాళ్లు గుర్తుపట్టకుండా ఉన్ని మఫ్లరు తీసి చెవులూ ముక్కూ మూతీ కలిపి చుట్టుకున్నారు. మే నెల. మిట్టమధ్యాహ్నం.

గంగులయ్య మేడ హోటలు బజారువీధి నడుమ, బస్సులు ఆగే చోటికి ఎదురుగా, బట్టలకొట్టుకూ సెనక్కాయల మండీకీ మధ్య ఇరుక్కొని ఉండేది. కింద జట్కాలు నిలబడేవి. హోటలు కాకముందు అది చింతపండు గోదాము. గోదాము పోయినా వాసన పోలేదు. మేడ మీద పడుకున్నవాళ్లకు ఊరికే నోరూరేది. గంగులయ్య కింద ఇడ్లీలు బాగా అమ్ముడుపోవడానికి కారణం అదేనని గిట్టనివాళ్లు అనేవాళ్లు. పైన గదులకు గోడలు లేవు. చెక్కపలకలు అడ్డం పెట్టి గదులన్నాడు. పలకలు కప్పుదాకా పోవు. ఒక గదిలో ఆవులిస్తే మిగతా గదుల్లో నిద్ర వచ్చేది. అద్దె తక్కువ. అంతకు తక్కువకి పడుకోవాలంటే జట్కాలోనే.

గదులకు నంబర్లుండేవి కావు, పేర్లుండేవి. రామసముద్రం నుంచి వచ్చే బెల్లం వ్యాపారి అంజినప్ప దిగేది అంజినప్ప గది. ఒకప్పుడు ఒక తాసిల్దారు వాన తగ్గేదాకా కూర్చున్నది తాసిల్దారు గది. చివరన కొండవైపు కిటికీ ఉన్నది గాలి గది. మదనపల్లె గాలికి పేరుంది. ఆ పేరు విని, ఊరి బయట క్షయ ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా కాచుకునేందుకు ఎక్కడెక్కడి రోగులో వచ్చి బజారులో దిగేవాళ్లు. గంగులయ్య వాళ్లను ఆ గదిలో పెట్టేవాడు. రోగం పేరు నోటితో అనేవాడు కాదు, అడిగేవాడు కాదు. చూసి తెలుసుకునేవాడు. కోటు, ఎండలో మఫ్లరు, దగ్గు, వెంట మనిషి లేకపోవడం. ఈ నాలుగూ కనపడితే ఇంక డాక్టరు అవసరం లేదనేవాడు.

అయ్యవారు నాలుగింటితోనూ వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడ్డారు.

"ఎన్ని దినాలు ఉంటారు సామీ?" అన్నాడు గంగులయ్య.

"చెప్పలేను. అవతలివాళ్లు జవాబిచ్చేదాన్ని బట్టి."

గంగులయ్య తల పంకించాడు. ఆసుపత్రివాళ్లు జవాబివ్వడానికి ఎంత కాలం పడుతుందో అతనికి తెలుసు. "ఊర్లో సుట్టాలెవరన్నా ఉండారా?"

అయ్యవారు నేలవైపు చూశారు. "ఎవరూ లేరు" అన్నారు. అబద్ధం అలవాటు లేని గొంతు గనుక మసి అక్కడే అడ్డం పడింది. స్తంభం పట్టుకొని చాలాసేపు దగ్గారు.

"బాధపడొద్దండి. ఈ గాలికి రాయి గూడా లేసి కూసుంటాది. మీకు మంచి గదే ఇస్తా" అని గంగులయ్య తనే పెట్టె ఎత్తుకున్నాడు.

కాసేపటికి కాఫీ వచ్చింది. ఇత్తడి లోటాలో వచ్చింది. లోటాకు బయటివైపు రూపాయి బిళ్లంత సున్నం బొట్టు పెట్టి ఉంది.

అయ్యవారు ఆ బొట్టును చూసి కదలకుండా కూర్చున్నారు. ఆయనకు వేరే లోటాలు కొత్త కాదు. తాతలు బాప్తిస్మం తీసుకొని మతం మార్చుకున్నారు గాని, హోటళ్లవాళ్లు ఆ సంగతిని లెక్కలోకి తీసుకోలేదు. మిగతా అందరికీ ఒక లోటా, వీళ్లకు గుర్తు పెట్టిన లోటా. జీవితంలో ఆయన అలాంటి లోటాను ఒక్కసారి కూడా పెదవికి తగిలించలేదు. పలమనేరులో ఒకసారి ఎండకు సొమ్మసిల్లబోతూ కూడా లోటా కింద పెట్టి, కోటు సర్దుకొని, హోటలు దిగి వచ్చేశారు. దేవుని ఎదుట అందరూ ఒకటేనని ఏటా అయిదో తరగతికి చెప్పే మనిషి అలాగే చేయాలి.

ఇప్పుడు కూడా అలాగే దిగి వెళ్లిపోవచ్చు. వెళ్తే మిగిలేది వదినగారిల్లు. పటం.

అయ్యవారు లోటా ఎత్తి తాగారు. కాఫీ చాలా బాగుంది. ఆయనకు అది ఇంకా బాధ కలిగించింది.

పలక అవతలి నుంచి అంజినప్ప కొంతసేపు మంచిగానే పలకరించాడు. "ఏ ఊరప్పా?" "కుప్పం." "ఏం పని?" "మిషన్ బడిలో అయ్యవారిని." దగ్గు. "ఎన్నాళ్ల నుంచి దగ్గు?" "ఇవాళ్టి నుంచే." అంజినప్ప నవ్వాడు. అందరూ అదే అంటారని అతనికి తెలుసు. తెల్లవారేసరికి అంజినప్ప గదిలో అంజినప్ప లేడు. బెల్లం బుట్టలతో సహా తాసిల్దారు గదికి మారిపోయాడు.

పొద్దున ఎలిజబెత్తమ్మ గొడుగు వేసుకొని, ఆసుపత్రికి పోతూ కిటికీ కింద కనపడింది. అయ్యవారు మెట్లు దిగి వెంట నడిచారు. బజారువీధిలో ఒక మగమనిషి ఒక విధవరాలిని ఆపి మాట్లాడటం ఎట్లాంటిదో ఆయన లెక్క వేసుకోలేదు. పూలమ్మేవాళ్లు దారం పట్టుకొని ఆగిపోయారు. జట్కావాళ్లు గుర్రాలను మరిచిపోయారు. మండీ మీద తూకం వేస్తున్నవాడు కూడా ఆగి, ఆ బేరం ముగిశాకే ఈ బేరం చేద్దామన్నట్లు నిలబడ్డాడు.

"స్తోత్రమండీ" అన్నారు అయ్యవారు.

"స్తోత్రం. ఎప్పుడొస్తిరి అయ్యవారూ? గ్లోరమ్మ వాళ్లింట్లోనే కదా?"

"లేదు."

"మరి యాడ దిగినారు?"

పుంగనూరు నుంచి ఏడాదిపాటు తయారుచేసుకున్న వాక్యం అయ్యవారి నాలుక చివర ఉంది. చుట్టూ బజారు మొత్తం దానికోసం ఎదురుచూస్తోంది. ఆయన వాక్యం మింగేసి, వేలు పైకెత్తి కిటికీ చూపించారు. ఎలిజబెత్తమ్మ ఆ కిటికీ వైపు చూసింది. అది ఏ గది కిటికీనో మదనపల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె అయ్యవారి మఫ్లరు వైపు ఒకసారి చూసి, గొడుగు దించుకొని వెళ్లిపోయింది.

జవాబు వచ్చేసిందనుకొని అయ్యవారు పైకెళ్లి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టారు. కుప్పం బస్సు అప్పటికే పోయింది. బొగ్గు తడిసిందో ఏమో, రెండో బస్సు రాలేదు. ఆయన జీవితంలో బొగ్గు బస్సు చేసిన మేలు ఇదొక్కటే.

సాయంత్రం మెట్ల మీద గంగులయ్య గొంతు వినిపించింది. "జరగండప్పా, జరగండి. నర్సమ్మ వస్తాండాది." ఎలిజబెత్తమ్మ తెల్లచీరతో, చేతిసంచితో పైకి వచ్చింది. మెట్ల మీద కాఫీ తాగుతున్నవాళ్లు లేచి దారి ఇచ్చారు. పొద్దున బజారులో ఆమెను కళ్లతో కాల్చినవాళ్లే ఇప్పుడు తలలు వంచుకున్నారు. ఆమె గాలి గదిలోకి వచ్చి, తలుపు బార్లా తెరిచిపెట్టి, ముక్కాలిపీట లాక్కొని కూర్చుంది. తలుపు తెరిచి ఉన్నా ఆ దరిదాపులకు ఎవరూ రాలేదు. పలక అవతల అంజినప్ప లేడు. మదనపల్లెలో ఒక మగమనిషీ ఒక ఆడమనిషీ మాట్లాడుకోవడానికి ఇంతకంటే గౌరవమైన చోటు లేదు. అది ఇద్దరిలో ఒకరికే అప్పటికి తెలిసింది.

అయ్యవారు వాక్యం ప్రారంభించబోయారు. ఆమె ఆయన నోట్లో థర్మామీటరు పెట్టింది. ఆయన కళ్లతో చెప్పడానికి ప్రయత్నించారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని నాడి చూసింది. అది గబగబా కొట్టుకుంటోంది. ఆమె ముఖం ముడుచుకుంది. థర్మామీటరు తీసి వెలుతురులో చూసింది.

"జరం లేదే. ఆకలి ఎట్ల ఉండాది?"

"పొద్దున ఇడ్లీలు రెండు మాట్లు తెప్పించుకున్నా."

"బరువు తగ్గినారా?"

"కోటు మొదటినుంచీ ఇంతే."

వీపుకు చెవి ఆనించి ఊపిరి పీల్చమంది. పీల్చారు. దగ్గమంది. దగ్గారు.

"ఇది బొగ్గు బస్సు దగ్గు" అంది ఆమె. "మీకేం జబ్బు లేదు. మల్ల ఈ గదిలో యాల ఉండారు? ఈ గది ఎవరికిస్తారో తెలుసా?"

"తెలీదు."

"ఈ లోటా?"

"అది తెలుసు" అన్నారు అయ్యవారు తల ఎత్తి. "పుట్టినప్పటి నుంచీ తెలుసు."

ఆమె లోటావైపూ ఆయనవైపూ చూసింది. లేచి తలుపు దగ్గరికి పోయి గంగులయ్యను కేకేసింది. గంగులయ్య వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఈ బొట్టు దేనికి గంగులయ్యా? ఈయన మిషన్ ఆయనని పెట్టినావా?"

"అయ్యయ్యో, అది కాదమ్మా. అది దగ్గు లోటా. కలిసిపోకుండా సున్నం పెడతాం." అప్పుడు అతనికి సంగతి అర్థమై అయ్యవారి వైపు నొచ్చుకుంటూ చూశాడు. "మీరనుకునేదానికి వేరే ఉండాది సామీ, గాజుది. వెనకాల గూట్లో ఉండాది. మీకది ఈలేదు. కోటు సూసి, అంతటాయన్ని కులమడిగేది ఏం బాగుంటాదని ఊరుకుంటి."

"ఇప్పుడు తెలిసింది కదా. మారుస్తావా?" అంది ఎలిజబెత్తమ్మ.

గంగులయ్య నిజంగానే ఆలోచించాడు. "యాల మార్సాల? దగ్గు లోటాలో ఎంతెంత పెద్ద కులాలోళ్లు తాగలేదమ్మా. మా హోటల్లో కులం లేని లోటా అదొకటే" అని చెప్పి కిందికి పోయాడు.

కృతజ్ఞత చెప్పాలో కోపగించుకోవాలో తేలక అయ్యవారు కిటికీలోంచి కొండ చూశారు.

"వేరే లోటా ఇస్తే మీరు పలమనేరులో లేసొచ్చినారని కూటాల్లో చెప్పుకుండ్రి" అంది ఎలిజబెత్తమ్మ నెమ్మదిగా. "ఇది ఆ లోటానే అనుకొని, తెలిసి తెలిసి యాల తాగినారు?"

"తాగకపోతే మా వదినగారింటికి పోవాల. ఆ ఇంట్లో ఉండి మిమ్మల్ని అడగలేను."

"ఏమడగాల?"

"కుప్పం వస్తారా అని."

ఎలిజబెత్తమ్మ థర్మామీటరును గుడ్డతో తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది. మళ్లీ తుడిచింది.

"మీకు సగం పాట పాడి ఊరుకునేది అలవాటు" అంది. "అడిగేదేదో పూర్తిగా అడగండి. చరణాలు మింగొద్దు."

అయ్యవారు లేచి నిలబడి, కోటు గుండీలు పెట్టుకొని, తాను విధురుడనీ, ఆమె రాకపోతే కుప్పం గుళ్లో రెండో గొంతు పాడేవాళ్లెవరూ లేరని కాదు గాని అదీ ఒకటుందనీ, ఇల్లు చిన్నదనీ, వంట తనకు కొంత వచ్చనీ, ఆమెకు సమ్మతమైతే పెళ్లి చేసుకోవాలని ఉందనీ, ఆది నుంచి అంతం దాకా చెప్పారు. ఆమె చివరిదాకా విని, సంచి మూసింది.

"రేపు చెప్తా. ఆలోచించుకోవాల."

"రేపు ఎట్ల వస్తారు? నాకు జబ్బు లేదంటిరి కదా."

"అదే చెప్తాండా. నేను మల్ల వచ్చేదాకా దగ్గతా ఉండండి. మీకు జబ్బు లేదని తెలిస్తే నాకు ఈ మెట్లెక్కే దారి లేదు" అని చెప్పి, మందు సీసా రేపు తెస్తానని మెట్ల మీదివాళ్లకు వినపడేట్లు అని, వెళ్లిపోయింది.

శ్రుతి తప్పితే లేచి నిలబడి ఒప్పుకునే మనిషికి ఇది కఠినమైన ఆజ్ఞ. ఆయన చాలాసేపు మథనపడి, దగ్గు వాక్యం కాదనీ, అందువల్ల దానికి నిజమూ అబద్ధమూ అనేవి వర్తించవనీ తేల్చుకున్నారు. తేల్చుకున్నాక దగ్గారు. అసలు దగ్గు అప్పటికే తగ్గిపోయింది గనుక ఇది పాటగాడి దగ్గు. శ్రుతిలో ఉంది. కింద గంగులయ్య విని, "పాపం, ముదిరినట్లుండాది" అన్నాడు.

ఆ మాట అంజినప్ప విన్నాడు. మర్నాడు పొద్దున బెల్లం కొనడానికి వచ్చిన ఒక పాత ఖాతాదారుకు, కుప్పం మిషన్ అయ్యవారొకాయన గాలి గదిలో దిక్కూదివాణం లేకుండా దగ్గుతున్నాడనీ, మనిషి మంచివాడేనని తోచిందనీ, కోటు మాత్రం పొడుగనీ చెప్పాడు. ఆ ఖాతాదారు పేరు బర్నబాస్. మిషన్ అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టేవాడు. గ్లోరమ్మ భర్త. కోటు మాట వచ్చేసరికి అతని చేతిలోని బెల్లం గడ్డ బుట్టలోకి జారిపోయింది.

ఎలిజబెత్తమ్మ రావడానికి ఇంకా పొద్దుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అయ్యవారు సంతోషంగా దగ్గడం ప్రారంభించారు.

"అమ్మా, ఆ గదిలోకి పోగూడదు" అంటున్నాడు గంగులయ్య.

"ఆడుండేది నా చెల్లెలి మొగుడు. నన్ను ఆపేదానికి నువ్వెవరప్పా?"

దగ్గు మధ్యలో ఆగిపోయింది. గ్లోరమ్మ తలుపులో నిలబడి ఉంది. వెనకాల బర్నబాస్, చంకలో చుట్టిన చాప.

కన్నీళ్లు వస్తాయని అయ్యవారు సిద్ధపడ్డారు. రాలేదు. గ్లోరమ్మ గదంతా చూసింది. మంచం చూసింది. కిటికీలో సున్నం బొట్టు లోటా చూసింది. దాన్ని తీసి, కుండలో నీళ్లు ముంచుకొని, లోటా అంచు పెదవులకు ఆనించి గటగటా తాగి, కింద పెట్టింది.

"సూడు. నాకేం కాలేదు" అంది. "మాకంటుకుంటాదని ఈడ దాక్కుంటివా? జబ్బొచ్చినోడు సొంతోళ్లను కాదని సంతలో పడుకుంటే రేపు శాంతకు నేనేం జవాబు చెప్పేది? లే. పోదాం పద."

అయ్యవారు మంచం మీంచి లేచి నిలబడ్డారు. ఆరేళ్లుగా ఆయన భయపడిన మనిషి ఈమె.

"వదినా, నాకు జబ్బు లేదు" అన్నారు.

"జబ్బు ఉండేటోళ్లంతా అదే చెప్తారు" అంది గ్లోరమ్మ.

"నిజం వదినా."

"అదీ చెప్తారు. ఏమయ్యా, చాప ఆడ పెట్టి పెట్టె ఎత్తుకో."

బర్నబాస్ పెట్టె ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎలిజబెత్తమ్మ మందు సీసాతో గడపలోకి వచ్చింది. ముగ్గురినీ చూసి ఆగింది. అయ్యవారు ఆమె ముఖంలో జవాబు వెతికారు. అక్కడ మందు సీసా తప్ప ఏమీ దొరకలేదు.

గ్లోరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నర్సమ్మా, నువ్వన్నా నిజం చెప్పు. యెట్ల ఉండాడు?"

జబ్బు విషయంలో ఎలిజబెత్తమ్మ అబద్ధం చెప్పేది కాదు. "ఇప్పటికి రొమ్ములో ఏమీ లేదమ్మా. భయం లేదు" అంది.

"ఇప్పటికి" అంది గ్లోరమ్మ, ఆ మాటను విడిగా తీసి పక్కన పెట్టుకొని. "మల్ల రాకుండా ఉండాలంటే?"

"ఒంటరిగా ఉండకూడదు. వేళకు తిండి, పాలు. ఇంట్లో కిటికీలు తెరిచి పెట్టే మనిషి ఉండాల. ఎవరికైనా అంతే."

"మా ఇంట్లో పెట్టుకుంటా."

"బడి కుప్పంలో కదమ్మా."

గ్లోరమ్మ ముక్కాలిపీట మీద కూర్చుంది. కింద జట్కావాళ్లు పోట్లాడుకుంటున్నారు. గ్లోరమ్మ ఎలిజబెత్తమ్మను తల నుంచి పాదాల దాకా చూసింది. ఎడ్ల సంతలో పుంగనూరు ఆవును చూసేవాళ్లు కూడా అంత శ్రద్ధగా చూడరు.

"నీకెవరుండారమ్మా?" అంది.

"ఎవరూ లేరు."

"కుప్పంలో గూడా మిషన్ మందులిల్లు ఒకటి ఉండాదంట కదా. నర్సులు కావాలంట కదా."

"అంటారు."

బర్నబాస్ పెట్టె మెల్లగా కింద పెట్టాడు. ఇంట్లో ఏదైనా తీర్మానం జరగబోయేటప్పుడు బరువు దించుకోవడం అతని అలవాటు.

"జీవానందం" అంది గ్లోరమ్మ. "నా మాట కాదనొద్దు. నీకిష్టం లేదని నాకు తెలుసు. శాంత స్థానంలో ఇంకొకరిని తలుసుకునే మనిషివి కాదు నువ్వు. కానీ ప్రాణం దేవుడిచ్చింది, దాన్ని కాపాడుకునేది కూడా భక్తే. ఈమెను పెండ్లి చేసుకో."

అయ్యవారు మఫ్లరు విప్పి, మడిచి, మళ్లీ విప్పారు. "మీ మాట నేనెప్పుడన్నా కాదన్నానా వదినా" అన్నారు. ఆయన జీవితమంతా మాట్లాడిన నిజాల్లో ఇంత పూర్తి నిజం ఇంకోటి లేదు.

"నువ్వేమంటావమ్మా? త్యాగమే అనుకో. జబ్బు మనిషి. పాటలు తప్ప ఆస్తి లేదు" అంది గ్లోరమ్మ.

ఎలిజబెత్తమ్మ మందు సీసాను కిటికీలో, లోటా పక్కన పెట్టింది. అయ్యవారి వైపు తిన్నగా చూసింది. "సరే" అంది.

గ్లోరమ్మ ఒప్పించడానికి ఇంకా చాలా మాటలు సిద్ధం చేసుకొని ఉంది. "ఇంత తొందరగానా?" అంది కొంచెం నిరుత్సాహంగా.

"నర్సులకు ఆలోచించేదానికి ఎక్కువ టైము ఈరమ్మా" అంది ఎలిజబెత్తమ్మ. "నిన్న సాయంత్రం నుంచి" అనేది ఆమె చెప్పలేదు. ఆ ఒక్క చరణం ఆమె కూడా మింగింది.

పెళ్లి కబురు గుళ్లో వరసగా మూడు ఆదివారాలు చదివి వినిపించేదాకా అయ్యవారు వదినగారింట్లోనే ఉన్నారు. మొదటి రాత్రే ఆయన గమనించిన సంగతి ఒకటుంది. పటం పాతచోటే ఉంది. మంచం మాత్రం ఎదురు గోడకు జరిగింది.  

ఆ తర్వాత గంగులయ్య హోటల్లో గాలి గదికి గిరాకీ పెరిగింది. "కుప్పం అయ్యవారొకాయన ఈడ రెండు దినాలే ఉండాడు. నడుచుకుంటా పోయి పెండ్లి చేసుకున్నాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అది అబద్ధం కాదు గనుక ఎవరూ ఖండించలేకపోయారు. వెనక గూట్లోని గాజు లోటా ఒకనాడు చేయిజారి పగిలిందట. మళ్లీ కొనడం మరిచిపోయానని గంగులయ్య అనేవాడు.

దంపతులు ప్రతి ఎండాకాలమూ గ్లోరమ్మ ఇంట్లో దిగేవారు. హోటల్లో దిగుదామన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. వచ్చిన సాయంత్రమే గ్లోరమ్మ మరిదికి మిరియాల కషాయం కాచి, ఇత్తడి లోటాలో పోసి ఇచ్చేది. గంగులయ్యను అడిగి తెచ్చుకున్న లోటా అది. సున్నం బొట్టు చెరిగిపోతే తమలపాకుల డబ్బాలోంచి వేలితో తీసి మళ్లీ పెట్టేది. అయ్యవారు మర్యాద కొద్దీ రెండుసార్లు దగ్గి, అందుకొని తాగేవారు.

ఒక ఏడు, పాటల ధ్యాసలో ఉండి, దగ్గకుండానే చెయ్యి చాచారు. గ్లోరమ్మ లోటా ఇవ్వకుండా పట్టుకొని నిలబడింది.

"ఏమప్పా, దగ్గేది మానేస్తివా?" అంది.

ఎలిజబెత్తమ్మ తల వంచుకొని చీర కొంగులో దారాలు లెక్కపెడుతోంది. అయ్యవారు వదిన ముఖం చూశారు. ఆ ముఖంలో ఏమీ లేదు. ఆయన గొంతు సవరించుకొని, శ్రుతి చూసుకొని, రెండుసార్లు దగ్గారు.

"అదీ" అని గ్లోరమ్మ లోటా చేతికిచ్చింది. ఆయన తాగేదాకా ఎదురుగా నిలబడింది. మిరియాలు ఆమె మొదటినుంచీ ఒక పిడికెడు ఎక్కువే వేసేది.